వెనక వరసలు

చొక్కా ఇస్త్రీ సగంలో ఉండగా పెట్టె చల్లబడిపోయింది. టిక్కయ్య దాన్ని పైకెత్తి చెంప దగ్గర పెట్టుకుని వేడి చూశాడు. తీగ మొదట్లో ఏదో తెగినట్టుంది. తీగను మెలిపెట్టి చుట్టవద్దని భార్యకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఇప్పుడు మళ్లీ చెప్పాడు, వంటింట్లోకి వినపడేట్టు.

"నేనేం మెలిపెట్టలేదు," అంది ఆవిడ అక్కడినుంచే. "దానికి వయసైపోయింది. వయసైపోయాక కొన్ని పనిచెయ్యడం మానేస్తాయి. కొన్నిటికి నోరొక్కటే పనిచేస్తుంది."

కాలరు ఎడమవైపు నున్నగా, కుడివైపు ముడతగా మిగిలింది. అరచెయ్యి తడిచేసుకుని ముడత మీద రుద్ది, అద్దంలో చూసుకున్నాడు. సన్నటి మెడ, దానికి తగలకుండా వదులుగా నిలబడ్డ కాలరు, ముక్కుకు రెండు పక్కలా కళ్లజోడు నొక్కి నొక్కి పడ్డ గుంటలు. ఏళ్ల తరబడి ఫైళ్ల సంచీ మోసి కుడిభుజం కిందికి జారింది. కలం ఒరుసుకునే వేలి పక్కన బఠాణీ గింజంత కాయ.

టిక్కయ్య అసలు పేరు కాదు. ఆడిట్ ఆఫీసులో ఆయన వెనక వాడే పేరు. అంకె పక్కన పచ్చసిరాతో టిక్కు పెట్టనిదే ఆయనకు ముద్ద దిగదని ఎవరో అన్నారు, పేరు అంటుకుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు. ఇంటికొచ్చి పెళ్లికార్డు ఇస్తే, అందులో అచ్చుతప్పు దిద్ది వాళ్ల చేతికే తిరిగిచ్చిన మనిషి. ఆ తర్వాత చుట్టాలు తమ పిల్లల పెళ్లిళ్లకు పిలవడం మానేశారు. పీడ వదిలిందని ఈయనా అనుకున్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే భార్య సంచీ తెచ్చి అందించింది.

"ఇవాళైనా ఆ లాయరు చెప్పమన్నది చెప్పి రండి. మీ తెలివంతా అక్కడ గుమ్మరించకండి."

"నేనేం చిన్నపిల్లాణ్ణా?"

"చిన్నపిల్లాడైతే చెప్తే వినేవాడు," అని ఆవిడ తలుపు వేసుకుంది.

సందు చివర పాలబూతు ముందు ముగ్గురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆయన్ని చూసి మాటలు ఆపారు. కేసు పేపర్లో పడ్డప్పటినుంచి అంతే. అంతకుముందు కూడా ఆపేవాళ్లు గానీ, అప్పుడు పాల కొలత గురించి ఏమంటాడోనన్న భయం. ఇప్పుడు నవ్వు ఆపుకోవడం. ఆ తేడా ఆయనకు వీపుతో తెలుస్తుంది.

కేసు సంగతి ఇది. ఊరి చివర ఒక నూలుమిల్లు ఉండేది. మిల్లు లెక్కలు తనిఖీ చేసి రిపోర్టు రాసింది టిక్కయ్య, సంతకం చేసింది ఆఫీసు యజమాని. గోడౌనులో కప్పుదాకా నూలుబేళ్లు ఉన్నాయని ఆ రిపోర్టులో ఉంది. అది చూసి బ్యాంకు పెద్ద అప్పిచ్చింది. తర్వాత మిల్లు యజమాని పత్తా లేకుండా పోయాడు. బ్యాంకువాళ్లు తాళం పగలగొట్టి చూస్తే, ముందు వరసల్లో మాత్రం నూలుంది. వెనక వరసలన్నీ కర్రల మీద పేర్చిన ఖాళీ అట్టపెట్టెలు. పారిపోయినవాడు ఎలాగూ దొరకడు కనుక బ్యాంకు ఆడిటర్ల మీద దావా వేసింది: మీ రిపోర్టు నమ్మి మునిగాం, నష్టం మీరు కట్టండి అని. అప్పు మంజూరు చేసిన ఆఫీసరు ఒక ఆడమనిషి. ఆవిడని సస్పెండు చేసి ఇంట్లో కూర్చోబెట్టారు. మిల్లువాడితో కలిసిపోయి ఉంటుందన్న మాట కూడా పుట్టింది.

ఆఫీసులో ఆయన బల్ల ఇప్పుడు జిరాక్సు మిషను పక్కన ఉంది. మిషను వేడిగాలి మోకాళ్లకు తగులుతుంది. పాత చోట ఎవరో కొత్తవాడు కూర్చుంటున్నాడు. ఆయన లోపలికి వస్తుంటే, కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి కాగితాల్లోకి తలలు దించారు. ఈ కేసు ఓడితే ఆఫీసు మూతపడుతుందని అందరికీ తెలుసు. అందరి పొట్ట మీదా కొట్టిన చెయ్యి ఏదో కూడా తెలుసు.

చిన్నసారు గదిలో లాయరు ఉన్నాడు. లావుపాటి మనిషి, మాట్లాడుతున్నంతసేపూ ఫోనులోకే చూస్తాడు. చిన్నసారు ఆఫీసు పెట్టిన పెద్దాయన కొడుకు. చిన్నప్పుడు టిక్కయ్య ఒళ్లో కూర్చుని కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ, "బాబాయ్, ఇది కూడు" అనేవాడు. తండ్రి పోయాక కొన్నాళ్లు 'మీరు' అన్నాడు. ఇప్పుడు ఏ పిలుపూ లేదు. గాల్లోకి చూసి మాట్లాడితే అది టిక్కయ్యకని అర్థం.

"తప్పు జరిగిందా లేదా అన్నది తర్వాత సంగతి," అన్నాడు లాయరు. "ముందు సంగతి, ఆ తప్పుకి మనం ఎవరికి జవాబు చెప్పాలి అన్నది. మనకి ఫీజిచ్చింది మిల్లు. రిపోర్టు రాసింది మిల్లు వాటాదార్లకి. దాన్ని మిల్లువాడు బ్యాంకుకి పట్టుకెళ్లి అప్పు తెచ్చుకుంటే మనకేంటి? బ్యాంకు దీన్ని చూసే అప్పిస్తుందని మనకి ముందే తెలుసంటే మాత్రం చిక్కు. తెలీదు కదా?"

"తెలీదు," అన్నాడు టిక్కయ్య.

"మీరే స్వయంగా తెచ్చి ఇచ్చారని ఆ బ్యాంకావిడ అంటోంది."

టిక్కయ్య చిన్నసారు వైపు చూశాడు. చిన్నసారు కిటికీ వైపు చూశాడు. దారిలోనే కదా, బ్యాంకులో ఇచ్చేసి వెళ్లండి, అప్పు దానికోసమే ఆగిందట అని ఆరోజు ఫోను చేసింది చిన్నసారే.

"ఇచ్చినట్టు రసీదు లాంటిదేమైనా ఉందా?" అని లాయరు అడిగాడు.

"లేదు," అన్నాడు చిన్నసారు.

"అయితే ఆవిడ మాట ఒకటి, మీ మాట ఒకటి. తెలీదు అనండి చాలు. ఎక్కువ మాట్లాడకండి. మీకు మాట్లాడ్డం ఇష్టమట కదా."

అబద్ధం చెప్పడానికి టిక్కయ్యకు పెద్ద బాధేమీ కలగలేదు. ఆ బ్యాంకావిడంటే ఆయనకు ఒళ్లుమంట. ఆవిడ ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత. మెట్లు దిగుతూ 'తెలీదు' అన్న మాటను రెండుమూడు రకాలుగా లోపల్లోపల అని చూసుకున్నాడు. కొంచెం విసుగు కలిపి అంటే నిజంలా ఉంటుందనిపించింది. కోర్టుకు చిన్నసారు, లాయరు కారులో వెళ్లారు. ఆయన్ని రమ్మని ఎవరూ అనలేదు. బస్సెక్కాడు.

కోర్టు హాలు ఎత్తుగా, ఇరుగ్గా ఉంది. గోడలకు నడుమెత్తు దాకా వేసిన ఆకుపచ్చ రంగు మీద తలలు ఆనించిన జిడ్డు మరకలు. కిటికీ అద్దం ఒకటి పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. బ్యాంకావిడ ముందు వరసలో నిటారుగా కూర్చుంది. యాభై దాటిన మనిషి, బిగించి వేసిన ముడి, మెడలో తాడుకు వేలాడే కళ్లజోడు. టిక్కయ్య పక్కనుంచి వెళ్తుంటే దారిలోకి చాచిన కాళ్లు వెనక్కి తీసుకోలేదు. ఆయన చుట్టూ తిరిగి వెళ్లాడు.

బోనులో నిలబడ్డాక మొదట బ్యాంకు లాయరు లేచాడు. గొంతు మెత్తగా ఉంది.

"గోడౌనులోకి వెళ్లారా?"

"వెళ్లాను."

"గుమ్మం దాకానా, లోపలికా?"

"లోపలికే."

"వెనక వరసలు చూశారా?"

"ముందు వరసలు చూశాను."

"నేనడిగింది వెనకవి."

"చూళ్లేదు."

"చూడకుండానే కప్పుదాకా నూలుందని రాశారు. అంకెల పక్కన టిక్కులు కూడా పెట్టారు. చాలా అందంగా పెట్టారు, చూశాను. ఎందుకు చూళ్లేదు?"

"టైము లేక."

అదీ అబద్ధమే. ఆరోజు ఆయనకు సాయంత్రందాకా వేరే పని లేదు.

"ఈ రిపోర్టు బ్యాంకు చేతికి వెళ్తుందని, దాన్నిబట్టే అప్పిస్తారని మీకు తెలుసా, తెలీదా?"

"తెలీదు." అనుకున్నట్టే విసుగు సరిగ్గా కలిసింది.

ముందు వరసలో బ్యాంకావిడ కళ్లు మూసుకుని తెరిచింది. అంతే. చిన్నసారు కుర్చీలో వెనక్కి వాలాడు. బ్యాంకు లాయరు ఇంకో రెండు ప్రశ్నలు వేసి కూర్చున్నాడు. అక్కడితో ఆగితే కేసు ఆడిటాఫీసు వైపు తిరిగేదే. కానీ గెలుపు కనపడ్డాక లావుపాటి లాయరుకు నోరు ఊరింది. తను కూడా ఒకటి అడుగుతానని లేచాడు.

"మీరు ఇన్నేళ్లనుంచి ఇలాంటి రిపోర్టులు రాస్తున్నారు. మీ అనుభవంలో చెప్పండి. వీటిని ఎవరైనా మొదట్నుంచి చివరిదాకా చదువుతారా?"

టిక్కయ్యకు ప్రశ్న అర్థం కాలేదు. పొద్దున చెప్పిన వాటిలో ఇది లేదు.

"మొహమాటపడకండి. చివర్న సంతకం ఉందో లేదో చూస్తారు, బీరువాలో పడేస్తారు. అంతేగా? ఈ మేడంగారేమో ప్రతి పేజీ చదివి నమ్మానంటున్నారు." లాయరు రిపోర్టు రెండు వేళ్లతో ఎత్తి ఊపాడు. "నవలా ఇది, కూర్చుని చదవడానికి? మా ఇంట్లో అయితే దీన్ని ఊగే బల్ల కాలికింద పెడతాం."

హాల్లో నవ్వులు లేచాయి. జడ్జి మూతి కూడా కొంచెం కదిలింది. చిన్నసారు నవ్వాడు. భుజాలు ఊగేలా, హాయిగా, పొద్దుటినుంచీ పడ్డ బరువంతా దిగినట్టు నవ్వాడు. సంతకం చేసిన ప్రతి రిపోర్టునీ చదవకుండానే చేశాడని టిక్కయ్యకు తెలుసు. నవ్వడం మాత్రం ఇప్పుడే చూశాడు.

ఆయన మెడ లాయరు వైపు తిప్పాడు. కాలరు ముడత చర్మానికి గుచ్చుకుంది.

"చదివింది," అన్నాడు.

"ఏంటి?"

"ఆవిడ చదివింది. ప్రతి పేజీ చదివింది. నా ఎదురుగానే. నన్ను నిలబెట్టి."

నవ్వు ఒక మూలనుంచి మొదలై తగ్గుతూ వచ్చి ఆగింది. లాయరు చెయ్యి ఎత్తబోయాడు. జడ్జి ఆయన్ని ఆపి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఎక్కడ చదివింది?"

"బ్యాంకులోనండి. నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అప్పు కోసమని తెలిసే ఇచ్చాను. చిన్నసారు పంపితేనే వెళ్లాను. ఇంతకుముందు తెలీదన్నది అబద్ధం." గొంతు పెరుగుతోందని ఆయనకు తెలుస్తోంది, కానీ తగ్గించలేదు. "యంత్రాల తరుగుదల పట్టికలో కూడిక తప్పుంటే పట్టుకుంది. ఇది కూడండి అని నా చేతికే ఇచ్చింది. కూడాను. తప్పే. ఆ కాపీ వెనక్కి తీసుకెళ్లి, దిద్దించి ఇంకోటి పంపాను. ఇన్నేళ్లలో నా తప్పు ఒకరు పట్టుకోవడం అదొక్కసారే. ఎవరూ చదవరంటే ఎలాగండీ? బల్ల కింద పెట్టుకోవడానికా నేను రాసింది?"

జడ్జి టైపిస్టు వైపు తిరిగి నెమ్మదిగా ఒక్కో వాక్యం చెప్పి రాయించాడు. తన మాటలు వేరే గొంతులో, తీరుగా, తప్పుల్లేకుండా వినిపిస్తుంటే టిక్కయ్య తల ఊపుతూ విన్నాడు. ఒకచోట 'పట్టిక' బదులు 'పట్టీ' అని పడితే దిద్దించాడు కూడా.

వరండాలో చిన్నసారు ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాడు. మొహం తెల్లబడిపోయి ఉంది. ఇప్పుడు సూటిగా కళ్లలోకి చూశాడు.

"నాన్న పోయినరోజే నిన్ను కూడా పంపించెయ్యాల్సింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడివని అందరూ చెప్పారు. నేనే వినలేదు."

పెద్దయ్యాక 'నువ్వు' అనడం ఇదే మొదలు. టిక్కయ్య ఏదో అనబోయి, ఆ సామెత ఇక్కడ సరిగ్గా అతకలేదని మాత్రం అనుకున్నాడు. వాసాలు లెక్కపెట్టడమే తన ఉద్యోగం. చిన్నసారు మెట్లు దిగి వెళ్లిపోయాడు. వెనకే లాయరు ఫోనులో మాట్లాడుకుంటూ పోయాడు.

ఆయన గోడవారన ఉన్న చెక్కబెంచీ మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి బరువుగా ఉంది. బోను కమ్మీని అంతసేపు బిగించి పట్టుకున్నందుకనుకున్నాడు. కాసేపటికి బెంచీ రెండో చివర బరువు పడి చెక్క కిర్రుమంది. బ్యాంకావిడ. వాంగ్మూలం కాపీ కోసం పిలుస్తారని కూర్చుంది. ఇంకెక్కడా ఖాళీ లేదు, లేకపోతే కూర్చునేది కాదు.

ఇద్దరూ ఎదురుగోడకేసి చూశారు.

"నాకేదో మేలు చేశాననుకుంటున్నారేమో," అంది ఆవిడ తల తిప్పకుండానే. "అదేం లేదు. ఇన్నాళ్లూ నన్ను దొంగన్నారు. మా అన్నయ్య కూడా అడిగాడు, ఎంత ముట్టిందని. ఈ ముక్క మీరు మొదట్లోనే చెప్పుంటే సరిపోయేది."

"మీకు మేలు చెయ్యాలని చెప్పలేదు."

"తెలుసు. మీ రిపోర్టుని వెక్కిరించారని చెప్పారు. చూస్తూనే ఉన్నాగా."

ఆయన ఒప్పుకున్నట్టు ముక్కుతో గాలి వదిలాడు.

"ఒకటి అడుగుతాను," అంది. "ఆ గోడౌనులో వెనక్కి ఎందుకు వెళ్లలేదు? టైము లేక అని మాత్రం చెప్పకండి. కూడిక తప్పు చూపిస్తే మొహం కందగడ్డలా అయిన మనిషి మీరు. మీరు వెళ్లకుండా ఉండరు."

టిక్కయ్య కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఈ ప్రశ్న చిన్నసారు అడగలేదు. లాయర్లిద్దరిలో ఒకడు అడిగాడు గానీ, వాడికి కావలసింది జవాబు కాదు. భార్య అడగలేదు.

"కుర్చీ వేశారు," అన్నాడు.

"ఏంటి?"

"మిల్లు యజమాని. గోడౌను మధ్యలో కుర్చీ వేయించాడు. మెత్త వేసిన కుర్చీ. కూర్చోండి, మోకాళ్ల నొప్పులా, మెట్లెక్కేటప్పుడు చూశాను అన్నాడు. ఫ్యాను తెప్పించి నా వైపు తిప్పాడు." కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. "మేం ఎక్కడికెళ్లినా మరుగుదొడ్డి పక్కన బల్ల వేస్తారండి. ఆడిటరొస్తే అప్పులాడొచ్చినట్టే చూస్తారు. మంచినీళ్లు కూడా అడిగి తాగాలి. అలా చూస్తేనే నాకు పని సాగుతుంది. అతను మా అమ్మ గురించి అడిగాడు. ఎప్పుడు పోయింది, ఏమైంది అని. నేను చెప్పాను. చెప్తూ కూర్చున్నాను. పనివాళ్లు బేళ్ల నంబర్లు చదువుతుంటే అక్కడే కూర్చుని టిక్కులు పెట్టాను."

బ్యాంకావిడ మొదటిసారి ఆయన వైపు తిరిగింది. చూపులో మెత్తదనమేమీ లేదు.

"దానికా? కుర్చీ వేశారనా?"

"దానికే. లేచి బేళ్లెక్కి చూస్తే అనుమానించినట్టుంటుందని."

"మీ పని అదేగా."

"అదే."

ఆవిడ మళ్లీ గోడకేసి చూసింది. ఆయన సంచీలో చెయ్యి పెట్టి రుమాలు కోసం వెతికాడు. దాని కింద ఏదో గుండ్రంగా తగిలింది. బయటికి తీస్తే కమలాపండు. తను పెట్టలేదు. పొద్దున సంచీ చేతికిచ్చినప్పుడు భార్య చెప్పనూ లేదు.

రుమాలు బెంచీ మీద ఇద్దరి మధ్యా పరిచి, పండు ఒలిచాడు. తొక్క తెగకుండా ఒకటే చుట్టుగా వచ్చింది. తొనలు రెండు వాటాలు చేశాడు. బేసిసంఖ్య వచ్చింది. మిగిలిన తొన పట్టుకుని కొంచెం ఆలోచించి, దాన్ని ఆమె వైపు వాటాలో పెట్టాడు.

"తీసుకోండి."

"నాకొద్దు," అంది ఆవిడ.

ఆయన మళ్లీ అడగలేదు. తన వాటా తొనలు ఒక్కొక్కటే గింజలు తీసుకుంటూ తిన్నాడు. లోపల్నుంచి బంట్రోతు బ్యాంకావిడని పిలిచాడు. ఆవిడ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని వెళ్లింది. టిక్కయ్య గోడకు తల ఆనించాడు. గోడ చల్లగా ఉంది. ముడత పడ్డ కాలరు గుండీ వేళ్లతో విప్పుకున్నాడు.

కేసు తీర్పు చాలాకాలం తర్వాత వచ్చింది. బ్యాంకు చూస్తుందని తెలిసే రిపోర్టు ఇచ్చారు కనుక నష్టంలో పెద్ద వాటా ఆడిటర్లదేనని, బ్యాంకు కూడా ఒకసారి తన మనిషిని గోడౌనుకు పంపి ఉండాల్సింది కనుక మిగతాది దాని నెత్తినేనని జడ్జి రాశాడు. చనిపోయిన సాక్షి మాట చెల్లదని లావుపాటి లాయరు వాదించాడు గానీ, ఆ మాట పలికినప్పుడు సాక్షి బతికే ఉన్నాడని జడ్జి ఒక్క వాక్యంలో తేల్చేశాడు. బ్యాంకావిడకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు, వేరే ఊళ్లో.

ఆరోజు మాత్రం ఆవిడ కాపీ చేతపట్టుకుని చదువుకుంటూ వరండాలోకి వచ్చింది. బెంచీ దగ్గరికొచ్చేసరికి ఆయన అలాగే గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఇందులో మీ వయసు తప్పు పడింది," అంది. "లోపలికెళ్లి దిద్దించండి."

ఆయన కదల్లేదు. ఆవిడ ఇంకోసారి పిలిచింది. కళ్లజోడు ముక్కు మీంచి కొంచెం జారి ఉంది. వంగి, వేలితో భుజం మీద తట్టింది. తర్వాత బంట్రోతు వచ్చాడు, నీళ్లు తెచ్చారు, ఎవరో నాడి చూసి తల అడ్డంగా ఊపారు. సంచీలో దొరికిన నంబరుకు ఫోను చేసింది బ్యాంకావిడే. అవతల ఆడగొంతు, "మళ్లీ ఏమైనా వాగారా అక్కడ?" అని అడిగింది.

స్ట్రెచరు మెట్లు దిగి వెళ్లిపోయింది. వరండా మళ్లీ మామూలైంది. ఎవరో ముసలాయన వచ్చి బెంచీ చివర ఖాళీ చూసి కూర్చున్నాడు. మధ్యలో రుమాలు మీద, ఒక తొన ఎక్కువున్న ఆ వాటా అలాగే ఉంది, ఫ్యానుగాలికి పైపొర ఎండుతూ.